మిద్దెక్కిన మానిటర్

డోన్‌లో ఇత్తడి సామాన్ల అంగడి నడిపే నాగభూషణం శెట్టి 2007లో అంగడి బిల్లుల కోసం కొత్త సీపీయూ కొన్నాడు గానీ, పాత లావు మానిటర్‌ను పారేయడానికి మనసొప్పలేదు. దాని వైరు కొత్త పెట్టెకు పట్టకపోతే మధ్యలో అడాప్టర్ తగిలించాడు. స్విచ్చి వేయగానే కంపెనీ బొమ్మ మెరిసి, తెర నల్లబడి, ‘అవుట్ ఆఫ్ రేంజ్’ అన్న మాట మిగిలింది.

సెల్‌ఫోన్ పుణ్యమా అని ఆ మాట శెట్టికి బాగా తెలుసు.

“సిగ్నల్ అందడంల్యా. మిద్దె మీదికి పట్టుకపోదాం పా,” అంటూ భార్య నాగేంద్రమ్మ చేత సీపీయూ మోయించి, తాను మానిటర్‌ను పొట్టకు అదుముకుని ఆయాసపడుతూ మెట్లెక్కాడు. పైగదిలో దాన్ని తూర్పుకు తిప్పాడు, పడమరకు తిప్పాడు. అక్షరాలు కదల్లేదు.

కాలేజీ నుంచి వచ్చిన కూతురు శ్రీవాసవి అది చూసి తల పట్టుకుంది.

“టవర్ కాదు నాయనా! కొత్త పెట్టె పంపే బొమ్మ పెద్దది, ఈ పాతదానికి అంత చూపే శక్తి ల్యాదు. తగ్గిస్తే సరిపోతాది.”

ఆమె కంప్యూటర్‌ను చిన్న బొమ్మతోనే తెరుచుకునే సేఫ్ మోడ్‌లో తెరిచి, రెజల్యూషన్ తగ్గించి, మళ్లీ ఆన్ చేసింది. తెర నిండా బొమ్మ వచ్చింది.

శెట్టి పొంగిపోయాడు. “చూస్తివా నాగేంద్రా, ఈడ సిగ్నల్ శానా బాగుండాది!”

ఆనాటి నుంచి చెంబు కొన్నవాళ్లు కూడా బిల్లు కోసం మిద్దె ఎక్కాల్సి వచ్చింది.