ఎడంచేతి ముద్ద

పక్షవాతం వచ్చి నా భార్య కనకం మూతి ఎడమపక్క జారిపోయింది. ఎడమచెయ్యి కూడా పడిపోయింది. అప్పటినుంచి ఎవరి ముందూ నోటి మీద కొంగు తియ్యలేదు. సొంత చెల్లెలు శ్రీకాకుళం నుంచి వచ్చినా కొంగు చాటునే మాట్లాడింది, గోడవైపు తిరిగే అన్నం తింది. నా ముందు మాత్రం తీసేది. ఇంకొకడి ముందు కూడా తీసేది. గిరిబాబు.

గిరిబాబు పక్కింటివాడు. వాళ్ల నాన్నా నేనూ ఒకే రైల్వే షెడ్డులో డ్యూటీ చేశాం. రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేసి, ఈ హిందీవాళ్ల ఊళ్లోనే ఉండిపోయి, ఉస్లాపూర్‌లో పక్కపక్కనే ఇళ్లు కట్టుకున్నాం. వాడికి చిన్నప్పుడే తల్లి పోతే కనకమే అన్నం పెట్టింది. వీధి గుమ్మంలోంచి ఏనాడూ రాలేదు. పెరటి తలుపు తోసుకుని, "పిన్నీ, ఏటి కూర?" అంటూ వస్తాడు.

పెద్దయ్యాక బొమ్మల పనిలో పడ్డాడు. సిర్గిట్టిలో గది అద్దెకి తీసుకుని, రాగిరేకుల మీద గీసి, యంత్రంలో పెట్టి కాగితాల మీద అచ్చు వేస్తాడు. ఈమధ్య కనకం భోజనం చేస్తుంటే ఎదురుగా కూర్చుని ఒళ్లో రేకు పెట్టుకుని సూదితో గీకేవాడు.

"ఏట్రా అది?" అని కనకం అడిగితే, "నా పనేదో నాది పిన్నీ, నువ్వు తిను" అనేవాడు.

ఆ పనేమిటో షెడ్డులో మాతో పనిచేసిన చంద్రమౌళి నోట విన్నాను. బజారులో ఎదురుపడి, "ఏటన్నా, వదిన బొమ్మ లింక్ రోడ్డులో ఎట్టినారంట గదా! మూతి కూడా అచ్చంగా దించీసినాడంట" అని పళ్లు బయటపెట్టాడు.

అటునుంచి అటే వెళ్లాను. బట్టల షోరూము పైన ఏసీ హాలు. తెల్లటి గోడలు. అద్దాల వెనక బొమ్మలు, ఒక్కోదాని మీద ఒక్కో లైటు. కోటా సంతలో మేకలు, ప్లాట్‌ఫారం మీద నిద్రపోతున్న కూలీలు. వాటి నడుమ కనకం. నోటి మీద కొంగు లేదు. మూతి కొసనుంచి చారు కారుతోంది. ఎత్తిన చేతిలో ముద్ద. ఆ చెయ్యి ఎడమచెయ్యి.

ఎదురుగా ఒక సిల్కు చీరావిడ తల వంచి చూస్తోంది. ఫోను తీసి ఫొటో కొట్టింది.

గిరిబాబు కొత్త కుర్తాలో వచ్చాడు. "బాబాయ్! నువ్వొచ్చినావా!"

"తీసీ."

"ఏటి?"

"మీ పిన్ని బొమ్మ తీసీ. ఎవుల్ని అడిగి గీసినావు?"

"అడిగితే వద్దంటాది గదా" అన్నాడు. సిగ్గు కూడా పడలేదు.

"దానికి ఎడంచెయ్యే పడిపోయింది. ఎడంచేత్తో అన్నం తింటాదేట్రా మీ పిన్ని? నీకా చేత్తోనే ఎట్టిందా?"

"రేకు మీద కుడిచెయ్యే బాబాయ్. అచ్చు తీస్తే తిరగబడతాది. నాకు తెలుసు. సూడ్డానికి బాగుందని ఉంచీసినాను."

బాగుందట. గోడ మీదనుంచి ఫ్రేము ఊడబీకాను. నేలకేసి కొట్టాలని ఎత్తాను. ఆ హాలు నడిపే ఆవిడ, రాజశ్రీ మేడమ్, హిందీలో నెమ్మదిగా అంది.

"కొట్టండి అంకల్‌జీ. అద్దం పోతుంది. అదే బొమ్మ లోపల ఇంకా ఉన్నాయి. సాయంత్రానికి ఇంకోటి తగిలిస్తాను."

ఒక్కో రేకుకి ఒకటే బొమ్మ అనుకున్నాను. ఎత్తిన ఫ్రేము దించి గోడకి ఆనించాను.

పక్కన బల్ల మీద అద్దాల పెట్టెలో ఆ రాగిరేకు కూడా జనం చూడ్డానికి పెట్టారు. దాని మీద కనకం కుడిచేత్తోనే తింటోంది. పెట్టె అద్దం ఎత్తి, ఇంటి తాళంచెవితో ఆ మూతి మీద అడ్డంగా గీశాను. బలం కొద్దీ గీశాను.

"ముసిలోడా!" గిరిబాబు నా రెక్క పట్టి గుంజాడు. "సెయ్యి ఇరిసీగల్ను!"

"ఇరిసీ. ఎవుల అన్నంతో వచ్చిందిరా ఆ బలం?"

"ఛోడో గిరి, వదిలెయ్" అంది మేడమ్. నవ్వుతోంది. "కావలసినన్ని తీశాక రేకు మీద గీత మనమే కొడతాం గదా. ఇక కొత్తవి రావు. ఉన్నవాటికే గిరాకీ."

సిల్కు చీరావిడ "అచ్ఛా?" అంటూ దగ్గరికొచ్చింది. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. కనకం బొమ్మ ఉన్న చోట పేరు చీటీ మీద మేడమ్ ఒక ఎర్ర చుక్క అంటించింది. అమ్ముడైందని గుర్తట.

గిరిబాబుని మెట్ల దగ్గరికి పిలిచాను. "ఇది మీ పిన్నికి తెలీకూడదు. ఒక్కటే అడుగుతున్నాను."

"ఎందుకు తెలీకూడదు? సూసి మురిసిపోతాది. నీకే కుళ్లు."

ఇంటికొచ్చి కనకానికేమీ చెప్పలేదు. పెరటి తలుపు గడియ పెట్టాలనిపించింది. పెడితే ఎందుకని అడుగుతుంది. పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ తలుపు చప్పుడైంది. "పిన్నీ, ఏటి కూర?"

నేను లేచేలోపే ఎదురుగా కూర్చున్నాడు. చుట్టి తెచ్చిన కాగితం విప్పి కనకం ముందు పట్టుకున్నాడు. ఆమె చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నానేనా?"

"నువ్వే పిన్నీ! ఎంతమంది సూసినారో తెల్సా? కొనుక్కుని ఇంట్లో ఎట్టుకుంటన్నారు!"

ముద్ద కంచంలో వేసింది. ఎంగిలి చేత్తోనే కొంగు లాగి నోరు కప్పుకుంది.

"ఎల్లిపో."

"పిన్నీ, అది కాదు..."

"నా ఇంట్లోంచి ఎల్లిపో."

వాడు నావైపు చూసిన చూపు పక్కింటివాడిది కాదు, పగవాడిది. కాగితం అక్కడే పడేసి వెళ్లాడు. వెనకాలే వెళ్లి పెరటి తలుపు గడియ పెట్టాను. కాగితం చింపి పొయ్యిలో పెట్టి, వచ్చి నా కంచం ముందు కూర్చున్నాను.

కనకం కొంగు తియ్యలేదు.

"ఎల్లిపోయినాడు" అన్నాను. "నానే ఉన్నాను. తిను."

కంచం పక్కకి జరుపుకుని గోడవైపు తిరిగింది. కొంగు కిందనుంచి కుడిచేత్తో ముద్ద లోపలికి పెట్టుకుంది.