పొయ్యి దగ్గర చెప్పిన మాట

శనివారం పొద్దున్నే వాల్బుర్గా ఇంట్లో పొయ్యి కూలింది. కూలడమేమిటి, వాల్బుర్గాయే సుత్తి పుచ్చుకుని నాలుగు ఇటుకలు ఊడగొట్టింది. ఆ తర్వాత గుమ్మంలోకి వచ్చి, "అయ్యో, చలికాలం ముంగిట్లో నా పొయ్యి కూలిపోయిందే!" అని వీధంతా వినబడేలా గోల పెట్టింది. ఆ గని కాలనీలోని జర్మన్ల ఇళ్లన్నింటికీ సంగతి అర్థమైపోయింది. పొయ్యిల మేస్త్రి సెవెరిన్ వచ్చాడు. అంటే మేస్త్రి వేషంలో ఫాదర్ వచ్చారు.

సోవియట్ సర్కారు వోల్గా నది ఒడ్డునుంచి రైలు పెట్టెల్లో కుక్కి తెచ్చి ఈ కజక్ మైదానంలో దింపేసిన నాటినుంచీ వాళ్లకి గుడి లేదు, గురువు లేడు; జపం చేస్తూ దొరికితే శిబిరానికే. పెళ్లిళ్లూ చావులూ జపమాలతోనే కానిచ్చుకున్నారు. ప్రతి శనివారం వాల్బుర్గా మోకరించి పది ఆజ్ఞలూ ఒక్కొక్కటే పైకి చెప్పి, ప్రతిదాని తర్వాతా కాసేపు ఆగేది. ఆ కాసేపట్లో ఎవరి ఆత్మశోధన వాళ్లు చేసుకునేవాళ్లు. చివర, చేసిన తప్పులకి బాధపడుతూ చెప్పే ఉత్తమ మనస్తాప జపం, దాని వెనకే ఒక మాట: గురువు దొరికిన మొదటిరోజే నా పాపాలు నోటితో చెప్పుకుంటాను దేవా అని. వాల్బుర్గా స్నేహితురాలు ఒటీలియా కూడా అందరితోపాటు ఆ మాట ఏళ్ల తరబడి ఇస్తూనే వచ్చింది. గురువు ఎలాగూ దొరకడన్న ధీమాతోనే ఇచ్చింది.

ఇప్పుడు దొరికాడు. ఆమెకి కాళ్లూ చేతులూ ఆడడం లేదు.

ఏర్పాటంతా వాల్బుర్గాదే. మేస్త్రి వంటింట్లో పొయ్యి కడుతుంటాడు. ఒక్కొక్కరే లోపలికెళ్లి ఆయన పక్కన మోకాళ్లమీద కూర్చుని ఇటుకలు అందించాలి. అందిస్తూ పాపాలు చెప్పుకోవాలి, అదే పాపసంకీర్తనం. ఆ మాటలు బయటికి రాకుండా ముందు గదిలో వాల్బుర్గా పెద్ద బల్లమీద పిండి ముద్దని ఎత్తెత్తి కొడుతుంది. రేపు ఆదివారం ఆమె పుట్టినరోజు వంకతో అందరూ చేరతారు, దివ్యపూజ జరుగుతుంది. పుట్టినరోజు నిజమైనదే కాబట్టి అది అబద్ధం కిందికి రాదని వాల్బుర్గా ముందే తేల్చేసుకుంది. ఇలాంటి విషయాల్లో ఆవిడ పట్టింపే వేరు.

"అపొలోనియా అవ్వ లోపలికెళ్లి ఎంతసేపయిందే! ఆ నడుముతో అన్ని పాపాలు ఎప్పుడు చేసిందంటావ్?" అంది వాల్బుర్గా, పిండి మీద ఇంకో దెబ్బ వేస్తూ.

"కుర్రతనంలో చేసుంటుందిలే అక్కా," అంది ఒటీలియా. నవ్వుదామనుకుంది. నవ్వు రాలేదు.

"ఏమే, అలా పాలిపోయావ్? ఒంట్లో బాలేదా? నీకేం పాపాలుంటాయే పిచ్చిదానా, రెండు నిమిషాల్లో బయటికొస్తావ్."

ఒటీలియా తల వంచుకుంది.

ఆమె మొగుడు అలోయిస్ ఊపిరితిత్తులు కొన్నేళ్ల కిందటే గని దుమ్ముకి పాడైపోయాయి. మళ్లీ లోపలికి దిగితే ఏడాది బతకడని వైద్యుడు చెప్పాడు. గని పైన దీపాల గదిలో కూర్చుని దీపాలు తుడిచిచ్చే పని ఇచ్చింది కాలనీ అధికారి. ఊరికే ఇవ్వలేదు. "మీవాళ్లు ఎవరింట్లో చేరి జపాలు చేస్తున్నారో చెప్పు, నీ మొగుడు పైనే ఉంటాడు," అన్నాడు. ఒటీలియా చెప్పింది. ఆ వారమే వాల్బుర్గా మొగుడు లాంబర్ట్‌ని తీసుకుపోయారు. అతను శిబిరం నుంచి తిరిగి రాలేదు, చచ్చిపోయాడన్న కబురు మాత్రం వచ్చింది. వాల్బుర్గా మొగుడికోసం ఏడ్చినప్పుడల్లా ఆమెని పట్టుకుని ఓదార్చింది ఒటీలియాయే.

మొన్న గురువారం అధికారి మళ్లీ పిలిపించాడు. పొయ్యిల మేస్త్రి సంగతి అడిగాడు. అలోయిస్ దగ్గు ఎలా ఉందని కూడా అడిగాడు. ఆదివారం, వాల్బుర్గా ఇల్లు అని ఒటీలియా చెప్పేసింది.

చెప్పి ఇంటికొచ్చాక ఆమెకి ఒక ఉపాయం తట్టింది. పాపసంకీర్తనంలో ఫాదర్‌కి చెప్పేస్తే చాలు. ఆయన విని జాగ్రత్తపడతాడు, చప్పుడు చేయకుండా వెళ్లిపోతాడు. పాపసంకీర్తనంలో విన్నది ఆయన ఎవరికీ చెప్పకూడదు కాబట్టి తన పేరూ బయటికి రాదు. పాపమూ పోతుంది, ప్రాణాలూ దక్కుతాయి, వాల్బుర్గాకీ తెలియదు. ఎంత తెలివైనదాన్నో అనుకుంది. భయం పట్టిన మనిషికి తన తెలివి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

అపొలోనియా అవ్వ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఒటీలియా లోపలికెళ్లింది.

ఫాదర్ సెవెరిన్ పొయ్యి నోట్లోకి తల దూర్చి ఉన్నాడు. చొక్కా నిండా బంకమట్టి. ఆయన తల తిప్పలేదు. "ఇటుక ఇవ్వమ్మా. ఆఖరిసారి పాపసంకీర్తనం ఎప్పుడు చేశావు?"

"ఇక్కడికి రాకముందు ఫాదర్. పెళ్లి కాకముందు." ఇటుక అందించింది. చిన్నచిన్నవి ముందు చెప్పింది: కోపం, పక్కింటావిడ మీద చాడీలు, ఉపవాసం రోజున తిన్న మాంసం. ఇక ఆగలేక లాంబర్ట్ సంగతి చెప్పింది.

"ఏ ఆజ్ఞ తప్పానో నాకిప్పటికీ తెలియట్లేదు ఫాదర్. ఎనిమిదోదేమో అని ఎన్నో శనివారాలు చూసుకున్నా. కానీ నేను అబద్ధసాక్ష్యం చెప్పలేదుగా, ఉన్నదే చెప్పా."

ఆయన చేతిలో తాపీ ఆగింది. "ఐదోది చూశావా?"

ఐదోది: చంపకూడదు. ప్రతి శనివారం ఆ ఆజ్ఞ దగ్గర ఆమె నిశ్చింతగా ఊపిరి పీల్చుకునేది. కోడిని కూడా అలోయిస్ చేతే కోయించే మనిషి మరి. ఇప్పుడు పొయ్యిగోడ పట్టుకుంది.

"ఇంకొకటుంది," అంది చివరికి. గురువారం సంగతి చెప్పింది. "రేపు పూజ వేళకి వస్తారు ఫాదర్. మీరు ఇప్పుడే వెళ్లిపోండి."

ముందు గదిలో పిండి దెబ్బలు వినబడుతున్నాయి. ఆయన నెమ్మదిగా తల బయటికి తీశాడు. ముఖం మసి. ఆ మసిలోంచి కూడా రంగు పోవడం కనిపించింది. ఆయనా భయపడ్డాడు. అది చూసి ఒటీలియాకి ఇంకా భయమేసింది.

"వెళ్లలేనమ్మా. నువ్విక్కడ చెప్పింది నేను వాడుకోకూడదు. కట్టు నా నోటికే కాదు, కాళ్లకీ ఉంది. ఇది విని నేను పారిపోతే, నువ్వు చెప్పావని ఊరికి చాటినట్టే."

"నేనే ఒప్పుకుంటున్నాగా! నేనే పొమ్మంటున్నాగా!"

"నువ్వు సెలవిస్తే నేనొక్కణ్ణి బతుకుతాను. రేపు ఈ గడప తొక్కేవాళ్ల మాటేమిటి? వాళ్లనేమని ఆపను? ఎందుకని అడిగితే ఏం చెప్పను? వాళ్లు పూజకి వస్తే నేనూ ఇక్కడే ఉంటాను."

"మిమ్మల్ని పట్టుకుపోతారు."

"పట్టుకుపోతారు." ఆయన తాపీ కింద పెట్టాడు. "ఆపగలిగేది నువ్వే. ఇక్కడ కాదు, బయట చెప్పాలి. నిలబడి, నీ నోటితో, వినాల్సిన మనిషికి. చెబుతావా?"

ఒటీలియాకి వాల్బుర్గా ముఖం గుర్తొచ్చింది. దాని వెనక అలోయిస్ దగ్గు వినిపించింది. తప్పించుకునే దారి ఇంకేదైనా ఉందేమోనని అప్పుడు కూడా వెతికింది.

"చెబుతాను," అంది.

ఆయన మట్టి చేతిని కాస్తే ఎత్తి, ఇటుకమీద మట్టి సర్దుతున్నట్టుగా శిలువ గుర్తు వేసి పాపవిమోచనం ఇచ్చాడు. ఇన్నేళ్లు ఎదురుచూసింది ఇంత చిన్నగా అయిపోయింది. పాపం పోయింది. భయం మాత్రం రవ్వంత కూడా పోలేదు.

ముందు గదిలోకి వచ్చింది. అపొలోనియా అవ్వ వెళ్లిపోయింది. వాల్బుర్గా ఒక్కతే ఉంది, మోచేతుల దాకా పిండి.

"చెప్పానుగా, రెండు నిమిషాలే అని," అంది వాల్బుర్గా.

"అక్కా, కొట్టడం ఆపు. లాంబర్ట్ బావగారి పేరు చెప్పింది నేను."

వాల్బుర్గా చేతులు పిండిలోనే ఉండిపోయాయి. ఒటీలియా ఆగితే మళ్లీ మొదలుపెట్టలేనని గబగబా అంతా చెప్పేసింది: అధికారి, దీపాల గది, గురువారం, రేపు.

వాల్బుర్గా పిండిలోంచి చేతులు తీసింది. కొడుతుందేమో అనుకుంది ఒటీలియా. కొడితే బాగుండునని కూడా అనుకుంది. వాల్బుర్గా వంటింటి వైపు తిరిగి, "మేస్త్రీ, పొయ్యి చాలు. చీకటి పడకముందే బొగ్గు లారీ ఒకటి వెళ్తుంది, అందులో పోండి," అంది. తర్వాత ఇటు తిరిగింది. "రేపు అవ్వా, మిగతావాళ్లూ రాకుండా నేను చూసుకుంటా. నువ్వూ నీ మొగుడూ మాత్రం రావాలి. రాకపోతే మమ్మల్ని హెచ్చరించింది నువ్వేనని ఆ అధికారికి తెలిసిపోతుంది."

"అక్కా..."

"క్షమించాననుకోకు. అది నాకింకా రావట్లేదు. పో."

ఆదివారం మధ్యాహ్నం వాళ్లు ముగ్గురే బల్ల చుట్టూ కూర్చున్నారు. బల్లమీద కేకు, టీ. పొయ్యి మండుతోంది. వాల్బుర్గా ఆ రోజు ఒటీలియాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏమీ తెలియని అలోయిస్ మాత్రం కేకు బాగుందని మూడుసార్లు మెచ్చుకున్నాడు.

తలుపు తట్టలేదు, తోసుకునే వచ్చారు. అధికారి, వెనక ఇద్దరు. మంచం కింద, అటక మీద, నేలమాళిగలో వెతికారు.

"మేస్త్రి ఏడీ?" అన్నాడు అధికారి.

"పనైపోయింది, పోయాడు సారూ. పొయ్యి బాగా రాజుకుంటోంది, కాస్త చలి కాచుకోండి," అంది వాల్బుర్గా.

అతను పొయ్యి వైపు చూడలేదు. ఒటీలియాని చూశాడు. ఆమె కళ్లు దించుకుందామనుకుంది గానీ, దించుకోలేదు. ఎందుకు దించుకోలేదో ఆమెకే తెలియదు. అతనికి అర్థమైంది.

గుమ్మం దగ్గర ఆగి, "అలోయిస్, రేపటినుంచి దీపాల గదిలో నీకు పని లేదు. కిందికి దిగు," అన్నాడు. వచ్చిన ముగ్గురూ వెళ్లిపోయారు.

ఇన్నేళ్లు ఏ మాట రాకూడదని ఆమె అంత పని చేసిందో, ఆ మాట వచ్చేసింది. అలోయిస్ చెంచా కింద పెట్టాడు. అతని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"నేనేం చేశానే? వాడికి నామీద కోపమెందుకంటావ్?"

ఒటీలియా లేచింది. "బయటికి రండి, చెబుతాను."

"బయట మంచు పడుతోంది. ఆయనకి దగ్గు," అంది వాల్బుర్గా. నిన్నటినుంచి ఆమెతో అన్న మొదటి మాట అదే. స్టూలు లాక్కుని వచ్చి ఒటీలియా పక్కన కూర్చుంది. "ఇక్కడే చెప్పు. నేనుంటాను."