పటం కింది కర్ర

నేను ఒక టేకు కర్రను. మూడడుగుల పొడవు, బొటనవేలంత లావు, రెండు కొసల్లో నున్నని గుండ్లు. పటాలు తయారుచేసే ఒక షెడ్డులో నన్ను ప్రపంచ పటం అడుగు అంచుకు జిగురు పెట్టి, సన్న మేకులు కొట్టి బిగించారు. పైకర్ర పటాన్ని మోసేది. నేను కింద వేలాడి, ముడతలు పడకుండా లాగి పట్టేదాన్ని. లోకాన్ని నిటారుగా ఉంచడం నా ఉద్యోగం.

గద్వాల పక్క ఒక ఊరి బడిలో, ఏడో తరగతి గోడకు ఆరేళ్లు వేలాడాను. కప్పు కారింది. పటం అడుగుభాగం నాని కుళ్లింది. ఒక వానాకాలం నేను ఊడి కిందపడ్డాను. నా వెంట వేలెడు నీలం కాగితం మాత్రం వచ్చింది. అది దక్షిణ సముద్రం.

నన్ను తీసి పక్కన పెట్టినా సరిపోయేది. సాంఘికశాస్త్రం చెప్పే తిరుమలేశ్ సార్ చేతిలోకి తీసుకుని గాలిలో రెండుసార్లు ఊపి చూశాడు. చప్పుడు ఆయనకు నచ్చింది.

అప్పటినుంచి నాకు రెండు పనులు. నాతోనే దేశాలు చూపించేవాడు, నాతోనే కొట్టేవాడు. ఐక్యరాజ్యసమితి పుట్టిన ఏడాది చెప్పనందుకు నాలుగు దెబ్బలు. శాంతి మీద ఐదు వాక్యాలు రాయనందుకు ఐదు. బాలకార్మికుల పాఠం రోజు ఎక్కువ కొట్టాడు. ఆ వారం సగంమంది బడికి రాలేదు. పత్తి విత్తనపు చేలల్లో క్రాసింగు పనికి పోయారు. మగపువ్వు పుప్పొడిని ఆడపువ్వుకు అద్దే పని అది. చిన్న వేళ్లయితే బాగా సాగుతుందట. తిరిగొచ్చినవాళ్ల వేళ్ల మీదే నేను పడ్డాను. పిల్లల చేత పని చేయించడం నేరమని నాతోనే చెప్పించాడు.

జములమ్మ ఆ తరగతిలోదే. తండ్రి లేడు. తల్లి సవారమ్మతో కలిసి క్రాసింగుకు పోయేది. ఆర్నెల్లుగా పోవడం మానేసింది. గురుకులం ప్రవేశ పరీక్షకు చదువుతోంది. సీటొస్తే హాస్టల్లో ఉంటుంది, పత్తిచేను ముఖం చూడనక్కర్లేదు. పరీక్ష ఆదివారం.

ఆ గురువారం పట్నం నుంచి ఒక సంస్థవాళ్లు వస్తామన్నారు. పిల్లలకు ప్రపంచ సమస్యలు ఆటలుగా నేర్పించడం వాళ్ల పద్ధతి. ఆట ఇది. చీటీలు తీయాలి. ఇద్దరికి ధనిక దేశం చీటీ వస్తుంది. వాళ్లు కుర్చీల్లో కూర్చుంటారు, చెరో డజను అరటిపళ్లు. మిగతా వాళ్లంతా పేద దేశాలు. నేల మీద కూర్చోవాలి, పదిమందికి ఒక పండు, చెయ్యి చాచి అడగాలి. లోకం ఎలా నడుస్తుందో దాంతో తెలుస్తుందట.

పళ్ల గెల పంపింది విత్తనాల ఆర్గనైజరు. కంపెనీ తరఫున ఊళ్లో పత్తి వేయించేవాడు, కూలీలను పెట్టేవాడు ఆయనే. ఆయన కొడుకు ప్రణీత్ కూడా ఏడో తరగతే.

పదింటికి చీటీలు తీశారు. ఒక ధనిక దేశం జములమ్మకు వచ్చింది. ప్రణీత్‌కు పేద దేశం.

"దాని ముందట నేను అడుక్కోవాల్నా సార్? పండ్లు మా నాయినవి," అన్నాడు ప్రణీత్.

వెనక ఎవరో నవ్వారు. "అడుక్కోరా, ఒక్కపూట. మేము రోజు మీ ఇంటి ముందట నిలబడ్తలేమా?"

సార్ ముఖం నల్లబడింది. "జములూ, చీటీ ఇటియ్యి."

"నాకొచ్చింది సార్."

"వస్తే ఏంది? వాడు కింద, నువ్వు కుర్చీల? వాళ్ల నాయినకు తెలిస్తే ఏమంటడో ఎరుకేనా?"

"ఆట అన్నరు గద సార్. ఎవరికి ఏది వస్తే అదే అన్నరు."

ఆమె పిడికిలి మూసింది. కుడిచెయ్యి. సార్ ఆ పిడికిలిని బల్ల మీద పెట్టించి నన్ను ఎత్తాడు. మొదటి దెబ్బకు చర్మం చిట్లింది. రెండోదానికి తెరవలేదు. మూడో దెబ్బకు ఆయన నన్ను తిరగేసి గుండు పక్కతో కొట్టాడు. లోపల ఎముక విరగడం నాకు తెలిసింది. తెలిసీ పడ్డాను. కర్రకు ఆగే అధికారం లేదని నన్నెవరూ సమర్థించనక్కర్లేదు. పిడికిలి తెరుచుకుంది. చీటీ నెత్తురుతో తడిసింది. ఇంకొకటి రాసి ప్రణీత్‌కు ఇచ్చారు.

పదకొండింటికి అతిథులు వచ్చారు. ఆట చక్కగా జరిగింది. ఫొటోలు తీశారు. జములమ్మ నేల మీద, చేతులు వీపు వెనక పెట్టుకుని కూర్చుంది. కళ్లజోడు మేడమ్ ఒకామె ఆమె ముందు వంగి అడిగింది.

"పేద దేశంగా ఉంటే ఎలా అనిపించింది తల్లీ?"

"రోజు ఉన్నట్టే ఉంది మేడమ్."

ఆ మాట మేడమ్‌కు చాలా నచ్చింది. పుస్తకంలో రాసుకుంది. వీపు వెనక చెయ్యి అరటిపండంత ఉబ్బింది. అటు ఎవరూ తిరగలేదు.

మర్నాడు పొద్దున సవారమ్మ వచ్చింది. కూతురు గుమ్మం దగ్గర నిలబడింది, చేతికి వెదురు బద్దల కట్టు.

"ఎల్లుండి పరీక్ష సార్. చెయ్యి ఏమైంది?"

"క్రమశిక్షణ కోసం రెండు తగిలించిన. అంతదానికే విరుగుతదా? వేషాలు."

"ఆర్నెల్లు దాన్ని చేన్లకు రానియ్యలేదు సార్ నేను. దాని కూలి కూడా నేనే జేసిన."

"ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు రాస్తది. పో, చేన్ల పని లేదా నీకు?"

ఆమె పోలేదు. నేను బల్ల మీద ఉన్నాను. ఆమె చెయ్యి కాయలు కాసి గట్టిగా ఉంది. అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు. మొదటి దెబ్బ ఆయన మోచేతి మీద, రెండోది చెవి మీద. ఆయన బల్ల కింద దూరాడు. ఆమె బల్ల చుట్టూ తిరిగి, ఆయన కుడిచెయ్యి దొరికేదాకా కొట్టింది. దొరికాక దాని మీద పడి పొడవునా పగిలాను. పిల్లలు కేకలు వేయలేదు. లెక్కపెడుతున్నట్టు చూశారు.

పోలీసులు ఆమెను తీసుకుపోయారు. నన్నూ తీసుకుపోయారు. నా మెడకు కేసు నంబరు రాసిన అట్టముక్క కట్టారు. జములమ్మ చెయ్యి విరిగినందుకు మాత్రం కేసు రాయలేదు. బడి విషయం బడిలోనే తేల్చుకోండన్నారు.

పరీక్ష ఆదివారం జరిగింది. ఆమె రాయలేదు. మరుసటి ఏడుకు మళ్లీ క్రాసింగులో ఉంది.

రెండేళ్లకు కోర్టులో నన్ను చూపించారు. జములమ్మ సాక్షి. సర్కారు వకీలు అడిగాడు.

"ఈ కర్రను గుర్తుపడతావా?"

ఆమె నన్ను తిప్పి చూసింది. "ఇదే. నీలం కాగితం ఉంది. మా బడిల ప్రపంచ పటం కింద ఉండేది."

"మీ అమ్మ సారును దీనితోనే కొట్టిందా?"

ఆమె తల్లి వైపు చూసింది. బోనులోంచి సవారమ్మే అంది:

"దాన్ని అడుగొద్దు సార్. కొట్టింది నేనే. ముందు దాని చెయ్యి ఇరిగింది, అది రాసుకోండ్రి."

"అది ఈ కేసులో లేదు," అన్నారు జడ్జి. సవారమ్మకు ఆర్నెల్లు జైలు పడింది.

ఇప్పుడు నేను కోర్టు సామాను గదిలో ఉన్నాను. పక్కన గొడ్డళ్లు, ఒక రోకలి, ఒక సైకిల్ గొలుసు. అన్నీ వేరే పనికి పుట్టినవే. బడికి కొత్త పటం వచ్చిందట, ప్లాస్టిక్‌ది, కర్రలు లేనిది. తిరుమలేశ్ సార్ దాని ముందు నిలబడి పేదరికం పాఠం చెబుతున్నాడట. కుడిచెయ్యి పూర్తిగా లేవదు కాబట్టి ఎడమచేత్తో చూపిస్తాడట.

ఆ రోజు కోర్టులో నన్ను తిప్పి చూసినప్పుడు జములమ్మ రెండు వేళ్లు నా మీద ఆనలేదు. వంకరగా బిగుసుకుపోయాయి. నేను ఇంకా నిటారుగానే ఉన్నాను.