ఐదు గీతలు, ఒకే బూడిద రంగు

సిటీ బస్సుల ఆఫీసులో బొమ్మలు గీసే అమ్మాయికి రంగులంటే ప్రాణం. ఆఫీసులో అందరూ ఆమెను రంగులమ్మ అనే పిలిచేవారు. వెక్కిరింపుగా మొదలైన ఆ పేరును ఆమె బిరుదులా తగిలించుకుని తిరిగేది. కొత్తగా రంగు వేసిన గోడను చూసి, ఇందులో చుక్క పసుపు ఎక్కువైందని తేల్చిపారేసే మనిషి. నిజమో కాదో చెప్పగలిగినవాళ్ళు అక్కడ ఎవరూ లేరు కాబట్టి అందరూ తలలూపేవారు.

ఊళ్ళో కొత్తగా వేసిన ఐదు బస్సు రూట్లకు పటం గీసే పని ఆమెకే వచ్చింది. ఒక్కో రూటుకు ఒక్కో రంగు గీత. ఇంకొకరైతే ఎరుపూ పచ్చా నీలం పులిమేసి చేతులు దులుపుకునేవారు. రంగులమ్మ ఊరుకుంటుందా? ఎరుపు మరీ అరుస్తోందని తగ్గించి గులాబీ చేసింది. నీలం మూల కూర్చుని ముఖం ముడుచుకుందని తేల్చి ఆకాశనీలం చేసింది. ఒక రంగు ఎంత ముదురో ఎంత లేతో చెప్పే అంకె ఒకటి కంప్యూటర్లో ఉంటుంది. ఊదా, గులాబీ, చిలకపచ్చ, నారింజ, ఆకాశనీలం, ఐదింటికీ ఆ అంకెను సరిసమానంగా పెట్టింది. ఇక ఏ రంగూ ఇంకోదాని మీద పెత్తనం చేయదు. బస్సు నంబర్లు గీతల మధ్యలో రాస్తే అందం చెడుతుందని చివర్లలో మాత్రం, అదీ మొహమాటంగా, చిన్న అక్షరాల్లో రాసింది. మేనేజరు చూసి, "కళ్ళకు హాయిగా ఉందమ్మా," అన్నాడు. ఆయన నోట మెచ్చుకోలు రావడమే అరుదు. ఆ రోజంతా రంగులమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ సంబరంలోనే పటాన్ని పిన్నికి చేరేలా ఏర్పాటు చేసింది.

పిన్ని ఊరికి అవతలి చివర ఒక్కతే ఉంటుంది. బాబాయి నిరుడు పోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ పిన్నికి బస్సు నంబరు చూడాల్సిన అవసరమే రాలేదు. "నువ్వు కూర్చో, నేను చూస్తా," అనేవాడాయన, ఆవిడ కూర్చునేది. ప్రేమతోనే అనేవాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆయన పోయాక చూసుకుంటే వీధి చివరి కూరల కొట్టు దాటి ఒంటరిగా వెళ్ళడం పిన్నికి చేతకాలేదు. ఎక్కడికైనా ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి, మళ్ళీ తెచ్చి దింపాలి. ఎవరు ఖాళీగా ఉన్నారా అని ఎదురుచూస్తూ ఆ మనిషి లోలోపలే కుంగిపోవడం రంగులమ్మ చూడలేకపోయింది. ఒక్కసారి ఒక్కదానివే మా ఇంటికి రమ్మని వెంటపడి, బతిమాలి, అలిగి, చివరికి ఒప్పించింది.

పిన్నిది బొమ్మలు రాని పాతకాలపు ఫోను. అందుకని పటాన్ని వాళ్ళ వీధిలోని జిరాక్సు షాపాయనకు పంపి, ప్రింటు తీసి ఆవిడకు ఇమ్మంది. ఆ షాపులో ఉన్నది నలుపు తెలుపు మిషను. ఆ సంగతి అడగాలని రంగులమ్మకు తోచనే లేదు.

"మార్కెట్ దగ్గర ఐదు బస్సులూ కలుస్తాయి పిన్నీ. అక్కడ దిగి, ఊదా గీత ఎటు పోతుందో చూసుకుని ఆ బస్సెక్కు. అంతే."

"అంతేనా?"

"అంతే. చిన్నపిల్లలు కూడా వచ్చేస్తారు."

ఈ ఆఖరి మాట ఆమె అనకుండా ఉండాల్సింది.

శనివారం మధ్యాహ్నం రంగులమ్మ తన ఇంటి దగ్గరి స్టాపులో నిలబడి వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూసింది. పిన్ని దిగలేదు. ఫోను మోగింది.

"అమ్మా, నేను డిపోలో ఉన్నాను. ఇక్కడ బస్సులు కడుగుతున్నారు."

"డిపోలోనా? ఊదా గీత బస్సెక్కమన్నాను కదా పిన్నీ. అంత వివరంగా చెప్పినా ఎలా తప్పావు?"

భయంతో అన్న మాటే గానీ వినేవాళ్ళకు విసుగులాగే వినిపించింది. అవతల బస్సు మీద నీళ్ళు కొట్టిన చప్పుడు వినిపించింది.

"నాకే తెలియలేదులే అమ్మా," అంది పిన్ని.

రంగులమ్మ టాక్సీలో వెళ్ళేసరికి ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ చివర కూర్చుని ఉంది. నెమ్మదిగా జరిగింది చెప్పింది. "మార్కెట్ దగ్గర ఆ కాగితం తిప్పి తిప్పి చూశాను. అన్నీ బూడిద గీతలే. ఎవర్నైనా అడుగుదామా అనుకున్నాను. చిన్నపిల్లలకు తెలిసేది ఈ వయసులో నేనెలా అడగను? వచ్చిన బస్సెక్కేశాను."

రంగులమ్మకు తల కొట్టేసినట్లయింది. మా ఇంటికి వెళ్దాం రమ్మంటే పిన్ని ససేమిరా అంది. "నన్ను మా ఇంటి దగ్గర దింపేయమ్మా. ఇంకెప్పుడైనా ఎవరైనా తీసుకొచ్చినప్పుడు వస్తాను." దిగేటప్పుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చేసింది. "ఇది నీ దగ్గరే ఉంచు. నాలాంటి దానికెందుకు?"

ఇంటికి వచ్చాక రంగులమ్మ కాగితం విప్పి చూసుకుంది. మొదట మిషనును తిట్టుకుంది. కానీ నలుపు తెలుపు ఫొటోలో తెల్లచొక్కా ఎవరిదో నల్లకోటు ఎవరిదో అందరికీ తెలుస్తూనే ఉంటుందిగా? కంప్యూటర్ తెరిచి తన పటంలో రంగులన్నీ తీసేసి చూసింది. ఐదు గీతలూ కలిసి ఒక్క బూడిద ముద్దయ్యాయి. మిషను చేసిన పాపమేమీ లేదు. దానికి ముదురూ లేతా తప్ప ఇంకేమీ తెలియదు. ఈవిడ ఐదింటికీ ఒకే ముదురు ఇచ్చింది, అది ఐదింటికీ ఒకే బూడిద ఇచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. రంగుల గురించి ఓనమాలు రానివాడు ఈ తప్పు చేయలేడు. ముదురు నీలం, నిమ్మపసుపు తోచినట్లు పూసి తెలియకుండానే గట్టెక్కేవాడు. ఇంత పక్కాగా తప్పాలంటే రంగులమ్మంత పనితనం ఉండాలి.

సోమవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళింది. "పటం అచ్చుకు పంపకండి సార్. తప్పు గీశాను."

"బాగానే ఉంది కదమ్మా. మనం వేసేది రంగుల్లోనేగా?"

"మనం వేసేది రంగుల్లోనే సార్. జనం చేతికి వెళ్ళేది జిరాక్సు కాపీ."

ఆయనకు జిరాక్సు సంగతి ఎంత అర్థమైందో గానీ, కాదంటే ఈ అమ్మాయి సాయంత్రం దాకా వాదిస్తుందని మాత్రం బాగా అర్థమైంది. వారం గడువిచ్చాడు.

ఈసారి ఆమె పనిని తలకిందులుగా చేసింది. ముందు స్క్రీనును నలుపు తెలుపు చేసి, ఐదు గీతలకూ ముదురు నుంచి లేత దాకా మెట్లు వేసింది. ఆ తర్వాతే ఏ మెట్టు మీద ఏ రంగు నిలుస్తుందో వెతికింది. అన్నిటికన్నా ముదురు మెట్టుకు సిరానీలం. తర్వాతిదానికి ఇటుక ఎరుపు, తన ఇంటివైపు పోయే పాత ఊదా గీత ఇప్పుడిదే. లేత మెట్టున పసుపు పెడితే తెల్లకాగితం దాన్ని మింగేసింది, అందుకని రెండు వైపులా నల్ల అంచు కట్టింది. నారింజ మారుమాట్లాడకుండా తన చోటికి వెళ్ళి కూర్చుంది. చిలకపచ్చ దగ్గర మాత్రం మనసు ఒప్పలేదు. దాన్ని పూర్తిగా వదులుకోలేక కాస్త ముదురు చేసి ఇటుక ఎరుపు పక్కన సర్దింది. స్క్రీను మీద తేడా కనిపిస్తూనే ఉంది. ఏది ఏదో ముందే తెలిసిన కళ్ళకు కనిపించకేం? మొత్తానికి పటం మునుపటంత నాజూగ్గా లేదు. ఆమెకు కొంచెం దిగులేసింది కూడా.

ఆదివారం ఆ జిరాక్సు షాపులోనే ప్రింటు తీయించి పిన్ని ఇంటికి వెళ్ళింది. ఇంతకు ముందు పిన్ని తప్పేమీ లేదని ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ "సర్లే" అని మాట మార్చేసింది. నేను మనసు కష్టపెట్టుకోకూడదని చెప్తున్నావులే అన్నట్లుండేది ఆ "సర్లే". ఇప్పుడూ కాగితం బల్ల మీద పెడితే, "నాకెందుకే ఇవన్నీ," అంటూ మంచినీళ్ళ కోసం లేచింది.

"ఊరికే చూడు పిన్నీ. నాకోసం."

పిన్ని కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. తన స్టాపు మీద వేలు పెట్టి మార్కెట్ దాకా వచ్చింది. అక్కడ వేలు ఆగిపోయింది. ఇటుక ఎరుపు అని నోటిదాకా వచ్చిన మాటను రంగులమ్మ మింగేసింది. ఈ కాగితం కూడా ఓడిపోతే పిన్ని ఇక గడప దాటదు. నాకు తెలియదులే అంటుందేమోనని ఎదురుచూసింది.

పిన్ని కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. మళ్ళీ తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది నల్లగా ఉంది, తెలుస్తోంది. ఈ అంచుదీ తెలుస్తోంది. ఇదీ సరే. ఈ రెండూ ఏంటే, కవలపిల్లల్లా ఉన్నాయి?"

"ఏవీ?"

"ఇదిగో, ఇదీ ఇదీ. బస్సుకు నంబరుంటుంది కదా, ఇక్కడ గీత మీద రాస్తే నీ సొమ్మేం పోయింది?" కళ్ళజోడు తీసి రంగులమ్మను సూటిగా చూసింది. "నాకు తెలియక కాదు. నువ్వే సరిగ్గా గీయలేదు."

రంగులమ్మను ఆఫీసులో ఎవరైనా ఆ మాట అని ఉంటే మూడు రోజులు అన్నం సయించేది కాదు. ఇప్పుడు మాత్రం ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, పిన్ని మోకాలి మీద తల ఆనించేసింది.

"అవును పిన్నీ. నేనే సరిగ్గా గీయలేదు."

"మరి మార్చి, ఆ షాపాయనకే పంపు. నేను వెళ్ళి తీసుకుంటాను," అంది పిన్ని ఆమె జుట్టు సవరిస్తూ. "శనివారం వస్తాను. స్టాపులో నిలబడకు, ఇంట్లోనే ఉండు."