తెల్ల తెరా, బూడిదరంగు తెరా

పొద్దుగూకాక ఆ ఇంట్లో లైటు వేసే పనుండదు. అమ్మ వంటగది సర్దుకుని హాల్లోకొచ్చి కూర్చుంటే చాలు, గోడమీద క్యాలెండర్ అంకెలు కూడా చదువుకోవచ్చు. చేతులు, మెడ, చెవి తమ్మెలు, అన్నీ పాలరంగులో మెత్తగా వెలుగుతుంటాయి. పడవ పనికెళ్ళిన కొడుకు తిరిగిరాని రాత్రి మొదలైందది. పక్కింటావిడ సూదిలో దారం ఎక్కించుకోడానికి వచ్చి అమ్మ పక్కనే చేరుతుంది. "నేను చదువుకునే రోజుల్లో వదిన ఇలా ఉండుంటే నేనూ పాసయ్యేవాణ్ణి," అంటాడు బాబాయి.

అన్నయ్య పడవమీద ఫోన్లో తీసుకుని పంపిన వీడియో ఒకటుంది. అతని ఆఖరి వీడియో. ఫోన్లో చూస్తే అమ్మ కళ్ళకి ఆనదు. టీవీలో పెడితే అద్దంలో అమ్మే మెరుస్తుంది, వెనకెక్కడో మసగ్గా కొడుకు.

"వాడి మొహం ఒక్కసారి పెద్దగా, సరిగ్గా చూస్తానే," అంది అమ్మ కూతురితో. అప్పటిదాకా ఆవిడ ఏదీ అడగలేదు.

బాబాయి తన ప్రొజెక్టర్ ఇచ్చాడు. తెర కోసం కూతురూ, ఆయనా కొట్టుకి వెళ్ళారు.

"గదిలో వెలుతురు ఉంటుందామ్మా?" అన్నాడు షాపాయన.

"మా అమ్మ ఉంటుందండీ."

"అలాగా. గోడకి ఎంత దూరంలో కూర్చుంటారు?"

తెల్ల తెర, బూడిదరంగు తెర పరిచి చూపించాడు. తెల్లది చీకటి గదికి బంగారంలాంటిదట. కానీ గదిలో వెలుతురుంటే, తనమీద పడ్డ వెలుగంతా వెనక్కిచ్చేస్తుంది, బొమ్మ పాలిపోతుంది. బూడిదరంగుది ప్రొజెక్టర్ వెలుగునే చూపించి, పక్కలనుంచి వచ్చేదాన్ని మింగేస్తుంది.

"కొట్లో అన్నీ బాగానే కనిపిస్తాయి. ఇంట్లో చూసుకోండి," అని రెంటిలోంచీ ఒక్కో ముక్క ఇచ్చాడు.

ముక్కల్ని గోడకి టేపుతో అంటించి వీడియో పెట్టారు. తెల్లముక్క మీద అన్నయ్య చెంప సున్నం కొట్టినట్టు వెలిసిపోయింది. బూడిదరంగు ముక్కమీద చెవి పడింది, ఒక్కో వెంట్రుకా విడివిడిగా.

"వాడి చెవే," అని అమ్మ పక్కనుంచి చెయ్యి చాపింది. వేళ్ళనుంచి మణికట్టుదాకా వెలుగు ఆరిపోయింది. మర్నాటికీ తిరిగిరాలేదు.

కూతురు షాపాయనకి ఫోన్ చేసింది.

"మింగింది తిరిగిరాదమ్మా. ముక్కకే అంత పోయిందంటే... నా మాట విని తెల్లదే తీసుకోండి."

"తెల్లదే బావుందమ్మా," అంది కూతురు, తల్లి వైపు చూడకుండా.

"అబద్ధాలు నీకు చిన్నప్పట్నుంచీ రావు."

"మొత్తం ఆరిపోతే నీకేమవుతుందో ఎవరికీ తెలీదు. అన్నయ్య పోయాడు. నువ్వు కూడానా?"

అమ్మ చాలాసేపు ఆరిన చేతిని నిమురుకుంది. "వాడికి దారి కనిపించాలనే కదా ఈ వెలుగు. వాడికే పోనీ."

బూడిదరంగు తెర వచ్చింది. బొమ్మ పాలిపోకుండా అమ్మని ఓ పక్కకి కూర్చోబెట్టారు. అన్నయ్య గోడంత అయి నవ్వాడు. మొహంమీద నీళ్ళు తుడుచుకున్నాడు. ఏదో అన్నాడు గానీ గాలి హోరులో వినపడలేదు. మళ్ళీ పెట్టమంది అమ్మ. మళ్ళీ పెట్టారు. ఆవిడ పాదాలు ఆరాయి, ఒడి ఆరింది, మెడ ఆరింది. కూతురు ఆపబోతే బాబాయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

వీడియో అయిపోయింది. ప్రొజెక్టర్ ఆపేస్తే హాలంతా చీకటి. కూతురు తడుముకుంటూ వెళ్ళి తల్లి మెడమీద చెయ్యి వేసింది. వెచ్చగానే ఉంది.

"గడ్డం పెంచాడే," అంది అమ్మ. "నాకు చెప్పనే లేదు."

అమ్మ గోడ పట్టుకుని లేచింది.

"నిద్రొస్తోంది. వీధి తలుపు గడియ పెట్టెయ్యవే."

అన్నయ్య వెళ్ళినప్పట్నుంచీ ఆ తలుపుకి ఎవరూ గడియ పెట్టలేదు. తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కూతురు భుజం ఆనించి, రెండు చేతులతో నెట్టాల్సొచ్చింది.