వధువు సంతకం

గంటాయన కొవ్వొత్తులు లెక్కపెట్టడం ముగించి, నమ్మకం కుదరక మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాడు. నలభై రెండేళ్లుగా ఆ చర్చి ఊడ్చేదీ, బల్లలు తుడిచేదీ, గంట కొట్టేదీ ఆయనే. సన్నటి మనిషి. తాడు లాగిలాగి కుడి భుజం బెత్తెడు కిందికి దిగిపోయింది. తాళం వేస్తే మూడుసార్లు లాగి చూస్తాడు. పెళ్లికొడుకు తుమ్మినా సరే, ఇతగాడికి ఇదివరకే ఎక్కడో పెళ్లయి ఉంటుందంటాడు.

అంతటి అనుమానపు మనిషి ఒక్క బీరువా మాత్రం తెరవలేదు. పాత పెళ్లి రిజిస్టర్లు అందులో ఉన్నాయి. తాళంచెవి నడుముకే వేలాడుతోంది, ధైర్యమే లేదు.

ఆయన పెళ్లీ ఆ చర్చిలోనే జరిగింది. ప్రమాణాలయ్యాక పెళ్లికొడుకు సంతకం పెట్టాలి, తర్వాత పెళ్లికూతురు పెట్టాలి, వెంటనే గంట మోగాలి. ఆ రోజు గంట కొట్టేవాడే పెళ్లికొడుకు. తన సంతకం గీకేసి, కొత్త కోటుతోనే తాడు దగ్గరికి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి రిజిస్టరు మూసేశారు. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. అంతకుముందు ఆమెను ఎవరో ఒక స్కూలు మాస్టారికి ఇవ్వాలనుకున్నారని ఆయన చెవిన పడి ఉంది. ఇక చూసుకోండి, అనుమానపు పురుగు తొలచడం మొదలుపెట్టింది. సంతకం పెట్టిందా? పెట్టకుండా మాస్టారి కోసం దారి తెరిచి ఉంచుకుందా? అడిగితే నిజం చెబుతుందేమోనని భయం. దేవుడు కలిపిన జంటను ఎవరూ విడదీయరాదని వెయ్యి పెళ్లిళ్లలో విన్నాడు. విన్న ప్రతిసారీ, మా ముడి అసలు పడిందా అని మథనపడ్డాడు.

కొవ్వొత్తులు లెక్కపెట్టిన ఆ ఉదయం పాస్టరుగారు, “బీరువాలో చెద కనిపించింది. పుస్తకాలన్నీ ఎండలో పెట్టు,” అన్నారు. ఇక తప్పలేదు. తన పెళ్లి జరిగిన ఏటి పుస్తకం తీసి తెరిచాడు. తన సంతకం ఉంది. దాని కింది గడి ఖాళీగా ఉంది.

అనుకున్నదే అయిందన్న తృప్తి ఒక్క క్షణం కలిగింది. ఆ తర్వాత చెప్పలేనంత దుఃఖం వచ్చింది.

చర్చి వెనక ఒంటిగదిలో భార్య మంచం పట్టి రెండు నెలలైంది. గుండె జబ్బు. పాదాలు ఉబ్బిపోయాయి. డాక్టరు చేతులెత్తేశాడు.

“సంతకం పెట్టలేదేం?” అన్నాడు గుమ్మంలోంచే, పుస్తకం తెరిచి చూపిస్తూ.

ఆమె కళ్లు చికిలించి చూసింది. “మీరొచ్చాక పెడతానన్నాను. పక్కన మొగుడు లేకుండా ఎలా పెట్టేది? మీరేమో ఆ గంటని వదిలితేగా! పాస్టరుగారికి ఆకలేసింది, పుస్తకం మూసేశారు.”

“మరి ఏడ్చావెందుకు?”

“కొత్త చెప్పులు కరిచాయి.”

“మరి ఆ మాస్టారు...”

“ఏ మాస్టారు?” నిజంగానే మరిచిపోయినట్టుంది. గుర్తొచ్చాక ఆయాసం వచ్చేదాకా నవ్వింది. “అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా! నలభై ఏళ్లూ నాతో కాదు, దాంతో చేశారన్నమాట కాపురం. నేను మాటిచ్చింది దేవుడి ముందండీ. ఆయనకి కాగితమెందుకు? మీకు కావాలంటే ఇప్పుడు పెడతాను, కలం ఇవ్వండి. గంట జోలికి మాత్రం పోకండి.”

పన్నెండు గంట కొట్టే వేళ దాటింది. ఎదురింటి దర్జీ కిటికీలోంచి, “గంట ఏమైంది బాబాయ్?” అని కేకేశాడు. ఆయన కదల్లేదు. ఆమెను లేపి, దిండుకు ఆనించి, పక్కనే కూర్చున్నాడు. ఆమె కలం మూత తీసి, ఊపిరి కూడదీసుకుంటూ ఒక్కో అక్షరమే పెట్టింది.

“చాలా?” అంది.

ఆయన పుస్తకం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. వెలుతురులో అక్షరాలన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి చూశాడు. ఒక ఒత్తు దగ్గర అనుమానం వచ్చి మళ్లీ చూశాడు. అంతా సరిగ్గానే ఉంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయనకు దేనిమీదా అనుమానం లేదు.

“చాలు,” అంటూ వెనక్కి తిరిగాడు.

ఆ మాట వినడానికి ఆమె లేదు. తల దిండు మీద పక్కకు ఒరిగి ఉంది. కలం జారి నేల మీద పడింది. దాని మూత మాత్రం ఆమె ఎడమ గుప్పిట్లో ఉంది.