కదలికల పుస్తకం

మంగళవారం ఉదయం ఆరూ నలభైకి ఆడపిల్ల పుట్టింది. ముప్ఫై నాలుగో వారం. ఊపిరి లేదు.

గురువారం పదకొండింటికి తల్లిని ఇంటికి పంపారు. డిశ్చార్జి కాగితాన్ని ఆమె కారులో చదివింది. మూడో వరుసలో ఇలా ఉంది: "కదలికలు తగ్గిన సంగతి తల్లి గమనించలేదు. ఆలస్యంగా వచ్చారు."

"గమనించలేదా? నేనా?" అంది.

మొగుడు బండి ఆపబోయాడు.

"ఆపకు. ఇంటికి పోనీ. పుస్తకం తీసుకుని మళ్ళీ ఆస్పత్రికే వద్దాం."

ఆ పుస్తకాన్ని ఆమె ఏడో నెలలో మొదలుపెట్టింది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పక్కకు తిరిగి పడుకుని, కడుపులో పిల్ల కదిలినప్పుడల్లా ఒక గీత గీయాలి. పది గీతలు రాకపోతే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి. ఆమె ఒక్క పూట కూడా తప్పలేదు. అందులో పిల్లకు ఆమె పెట్టుకున్న ముద్దుపేరు బుడంకాయ. ఫోన్ చేసిన వేళ, అవతలివాళ్ళు చెప్పిన మాట కూడా అందులోనే రాసింది. ఫోన్‌లో వేళ ఒక్కటే మిగులుతుంది, మాట మిగలదు.

అతను లిఫ్టు మెకానిక్. ఆగిపోయిన లిఫ్టును మళ్ళీ నడిపే ముందు అడుగున ఉన్న గోతిలోకి దిగి, ఉన్నదంతా బయటికి తీసెయ్యాలి. ఒక్క స్పానరు మిగిలినా ప్రమాదం. పదహారేళ్ళుగా అతను చేస్తున్న పని ఇది. బుధవారం అక్కను తోడు పిలుచుకుని ఇంట్లో చిన్నగదిని కూడా అలాగే ఖాళీ చేశాడు. ఉయ్యాల అక్క ఇంటికి పోయింది. బట్టలు అట్టపెట్టెలోకి పోయాయి. కాగితాలన్నీ గోనెసంచిలో కుక్కి పాత కాగితాల కొట్టుకు పంపాడు. బల్ల కింద టార్చి వేసి మరీ చూశాడు. భార్య కళ్ళకు ఏదీ కనబడకూడదనుకున్నాడు.

ఆమె ఆ గది తలుపు తీసి నిలబడిపోయింది.

"పుస్తకమేది?"

వంటింట్లోంచి వదిన, అతని అక్క, వచ్చింది. "అవన్నీ కళ్ళెదుట ఉంటే మనసు కుదుటపడదని మీ ఆయనే తీయించాడమ్మా. ఏముంది, చిన్న వయసు, మళ్ళీ ఏడాదికల్లా..."

"వదినా, ఆ మాట పూర్తి చేశావంటే నిన్ను గడప దాటించి తలుపేస్తాను."

వదిన మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"నన్నడిగావా?" ఆమె మొగుడివైపు తిరిగింది.

"నువ్వు చూసి తట్టుకోలేవని..."

"ఇదేమన్నా నీ లిఫ్టు గొయ్యా, దులిపి చేతులు కడుక్కోడానికి? నాకు పట్టలేదని వాళ్ళు రాశారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఉన్నది అదొక్కటే. నువ్వు దాన్ని తూకానికి వేశావు."

అతను చెప్పులు తొడుక్కున్నాడు.

కొట్టు యజమాని టీ తాగుతున్నాడు. "నిన్నటి సంచా? నిన్ననే మిషన్లో నొక్కి తీగతో కట్టేశాం. అదిగో, ఆరు బేళ్ళు. రెండింటికి లారీ వస్తుంది."

"విప్పాలి."

"ఏం పోయిందయ్యా, బంగారమా?"

"నోటుబుక్కు."

యజమాని నవ్వాడు. "ఎవరెవరికి బాకీ ఉన్నావో రాసుకున్నావా ఏంటి? పోతే పోనీ, హాయి!"

"మా పాప కడుపులో కదిలినప్పుడల్లా మా ఆవిడ గీత గీసిన పుస్తకం. పాప లేదు."

యజమాని గ్లాసు కింద పెట్టాడు. లోపల్నుంచి కట్టరు తెచ్చి ఇచ్చాడు. "ఎదురుగా నిలబడకు. తీగ తెగితే మొహం మీదకి ఎగురుతుంది. పక్కనుంచి కత్తిరించు."

ఇద్దరూ విప్పారు. మొదటి బేల్లో లేదు, రెండోదాన్లో లేదు. మూడోదాన్లో, అట్ట విరిగి దొరికింది. అప్పుడు ఒకటీ ఇరవై. చివరి పేజీ అతను అక్కడే నిలబడి చదివాడు.

"ఆదివారం సాయంత్రం 6 నుంచి 8. బుడంకాయ నాలుగే. 8.10కి ఫోన్. చల్లటి నీళ్ళు తాగి పడుకోండి, పొద్దున చూద్దాం అంది నర్సు. మా ఆయన కూడా కంగారు పడకు అన్నాడు.

సోమవారం 7 నుంచి 9. రెండు. 9.05కి ఫోన్. సాయంత్రం ఆరింటికి రమ్మన్నారు."

ఆ పేజీ చింపితే అడిగేవాళ్ళు లేరు. చింపితే ఆమె మాటకు సాక్ష్యమూ లేదు. పుస్తకాన్ని చొక్కా లోపల పెట్టుకున్నాడు.

మూడింటికి ఇద్దరూ డాక్టరు ఎదుట కూర్చున్నారు. ఆమె పుస్తకం పక్కన తన ఫోన్ పెట్టింది. రెండింటిలోనూ వేళలు ఒకటే.

డాక్టరు చదివి తలెత్తింది. "కంగారు పడొద్దని మీవారు కూడా అన్నట్టుంది కదమ్మా?"

అతను కుర్చీ ముందుకు జరిపాడు. "అన్నాను. నా తప్పే. అదీ రాయండి. మీ నర్సు అన్నదీ రాయండి. ఆవిడ గమనించలేదన్న మాట మాత్రం తియ్యండి."

"ఒకసారి రాసింది తీసెయ్యడానికి ఉండదండీ. కావాలంటే ఇంకో కాగితం జత చేస్తాం. రేపు రండి. ఆవిడ ఇప్పుడు పడుకోవాలి."

"మీరు చెప్పినట్టే పడుకున్నానండీ," అంది ఆమె. "ఆదివారం పడుకున్నాను, సోమవారం ఆరింటిదాకా ఆగాను. ఇంక పడుకోను. నేను చెప్తాను, మీరు రాయండి."

"నాకు రౌండ్లు ఉన్నాయి."

"వెళ్ళి రండి. మేం ఇక్కడే ఉంటాం."

అతను లేచి వెళ్ళి గోడ దగ్గరి మంచం మీది దిండు తెచ్చి ఆమె నడుము వెనక పెట్టాడు. ఆమె వద్దనలేదు. అతనివైపు చూడనూ లేదు.

నాలుగూ యాభైకి జత కాగితం మీద ముద్ర పడింది. అందులో రెండు ఫోన్ల వేళలు, నర్సు మాట, భర్త మాట ఉన్నాయి. ఒక ప్రతి ఆమె చేతికి ఇచ్చారు. పాత కాగితంలో మూడో వరుస అలాగే ఉంది.